మ్లేచ్ఛుల పిల్లల పేర్లు

1 జూలై 2007, ఆదివారం

ఇవాళ భవాని వాళ్ళ డాబా మీది గదిలో కొత్త ఆట ఆడాం. దీన్ని ఎలా రాయాలో తెలియడం లేదు. బోర్డు లేదు, పేకముక్కలు లేవు. భవాని అన్నయ్య అనిరుధ్ గారు ఒక కథ చెబుతుంటారు. అందులో మనుషులం మేమే. "మీ ముందు పెద్ద ఏరుంది. ఏం చేస్తారు?" అంటారు. ఈదుతాను అంటే ఇరవై ముఖాలున్న పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే దాటినట్టు, చిన్నది పడితే కొట్టుకుపోయినట్టు. అంతే. అంతే కానీ, సాయంత్రం నాన్న టీవీఎస్ మీద వచ్చి హారన్ కొట్టేదాకా నేను ఏలూరులో లేను.

ఆట పుస్తకం ఇంగ్లీషుది. వాళ్ళ బావ బెంగళూరు నుంచి తెచ్చిన జిరాక్సు కాపీ. మేము చదవక్కర్లేదట, రూల్స్ ఆయనే చెబుతారట.

ఆడేది నలుగురం. భవాని, నేను, మా క్లాసు పేతురు, అనిరుధ్ గారితో ఇంజనీరింగ్ చదివే పాపారావు.

8 జూలై

నా పాత్ర పేరు చంద్రలేఖ. రాజపురోహితుడి కూతురు. అనిరుధ్ గారే రాసి ఇచ్చారు. వీధిలో నడుస్తుంటే జనం పక్కకు తప్పుకుని దారి ఇస్తారు. ఇవాళ ఒక కోటలో నాకు హారతి పట్టారు. "నీకు బాగా నప్పిందే" అంది భవాని. నవ్వాను. బాగుంది మరి. ఎందుకు బాగుండదు?

భవాని వైద్యురాలు. దెబ్బలు తగిలిన వాళ్ళకు కట్లు కడుతుంది. పాపారావు క్షత్రియ యోధుడు. పేతురు సగం మనిషి, సగం మ్లేచ్ఛుడు.

మ్లేచ్ఛులంటే ఆ ఆటలో ఒక రాక్షసజాతి. ఇంగ్లీషు పుస్తకంలో వేరే పేరుంది. తెలుగులో బాగుంటుందని అనిరుధ్ గారు ఈ పేరు పెట్టారు. బలం రెండు ఎక్కువ, తెలివి రెండు తక్కువ. పుట్టుకతోనే క్రూరులు. పడమటి ఎడారి నుంచి వస్తారు. వాళ్ళ గుడిలో విగ్రహం ఉండదు.

ఈ మాట నాకు తెలుసు. పదో తరగతి పాఠంలో వచ్చింది. తెలుగు మాస్టారు అర్థం చెబుతూ ఒకసారి నా వైపు చూసి, వెంటనే కిటికీలోంచి బయటికి చూశారు.

రాక్షసజాతి అన్నారు కదా. వేరే.

22 జూలై

మా బృందం రాజధాని చేరింది. కోటద్వారం దగ్గర భటులు పేతురుని ఆపారు. మ్లేచ్ఛ రక్తం ఉన్నవాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు. "నువ్వు బయటే ఉండు, గుర్రాల్ని చూసుకో" అన్నారు అనిరుధ్ గారు. మేము ముగ్గురం లోపలికి వెళ్ళాం. విందు జరిగింది. రాజుగారు చంద్రలేఖను తన కుడిపక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను ఒక కుట్ర కనిపెట్టాను. పాచిక పందొమ్మిది పడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

పేతురు చాప అంచున కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తూ ఉన్నాడు. ఆట అయిపోయేదాకా పాచిక వాడి చేతికి రాలేదు. మధ్యలో ఒకసారి, "గుర్రాలు క్షేమంగా ఉన్నాయండీ" అన్నాడు. అందరం నవ్వాం. వాడూ నవ్వాడు.

మెట్లు దిగేటప్పుడు అడిగాను, "నీకు విసుగనిపించలేదా?" అని.

"అలవాటేలే" అన్నాడు. ఎస్సీ హాస్టల్ నుంచి సైకిల్ మీద వచ్చాడు, సైకిల్ మీదే వెళ్ళాడు. వాడికేం బాధ లేదు. ఉంటే రాడు కదా.

23 జూలై

ఆటే కదా.

12 ఆగస్టు

సెప్టెంబర్ ఎనిమిదిన తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో టెక్ ఫెస్ట్. అందులో మా ఆటకు ఒక టేబుల్ ఇస్తారట. అందరి ముందూ ఆడి చూపించాలి. అనిరుధ్ గారికి నేల మీద కాలు ఆగడం లేదు. ఆట ఈ జిల్లాలో ఎవరికీ తెలీదు, మనమే మొదలు అంటున్నారు.

ఇవాళ చంద్రలేఖ ఒక బండరాయి నెట్టాలి. పదమూడు పడింది. పన్నెండు చాలు. "ఆడవాళ్ళకు బలంలో రెండు తగ్గించాలి, పదకొండే" అన్నారు అనిరుధ్ గారు. రాయి కదల్లేదు. పాపారావు వచ్చి నెట్టాడు.

"అదేంటి అన్నయ్యా, అలా రూల్ ఉందా?" అంది భవాని.

"పుస్తకంలో ఉంది. సహజం కదే, నిజంగా నువ్వు నెట్టగలవా?"

ఆట అయ్యాక గది ఊడ్చింది భవానే.

25 ఆగస్టు, శనివారం

హైదరాబాద్‌లో బాంబులు. రెండు చోట్ల. టీవీలో అదే చూపిస్తున్నారు. అమ్మ సౌండ్ తగ్గించింది. నాన్న మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చి, చేతుల నిండా ఉన్ని పోగులతో అలాగే నిలబడి చూశారు. "ఎవరైనా కావచ్చు" అన్నారు. ఎవరూ అడగలేదు ఆయన్ని.

26 ఆగస్టు, ఆదివారం

వెళ్ళకుండా ఉండాల్సింది. వెళ్ళకపోతే ఎందుకు రాలేదంటారని వెళ్ళాను.

నాన్న దింపారు. ఎప్పుడూ గేటు దగ్గరే తిరిగి వెళ్ళిపోయే మనిషి, ఇవాళ బండి దిగి భవాని వాళ్ళమ్మ కామేశ్వరి ఆంటీకి నమస్కారం పెట్టారు. ఎందుకు పెట్టారో నాకు తెలుసు. ఆంటీకీ తెలుసు.

పైన ఎవరూ నిన్నటి మాట ఎత్తలేదు. అనిరుధ్ గారు కథ మొదలుపెట్టారు. ఫెస్ట్‌లో ఆడబోయేది ఇదేనట, ఇవాళ రిహార్సల్. కొండగుహలో మ్లేచ్ఛుల స్థావరం. మా పని దాన్ని శుభ్రం చేయడం. ఆ మాటే వాడారు, శుభ్రం. వాకిట్లో కాపలా వాళ్ళను చంపాం. నేనూ చంపాను. చంద్రలేఖ బాణాలు గురితప్పవు. లోపలికి వెళ్తే చివర ఒక గది. అందులో ఆడవాళ్ళు, పిల్లలు.

"ఏం చేస్తారు?" అన్నారు.

"వదిలేద్దాం, వాళ్ళ దగ్గర ఆయుధాల్లేవు" అంది భవాని.

పాపారావు పాచిక చేతిలోకి తీసుకున్నాడు. "ఇవాళ వదిలేస్తే పెద్దయ్యాక ఎక్కడేం పెడతారో. నిన్న చూశాంగా."

ఫ్యాను తిరుగుతోంది. అందరూ తమ తమ కాగితాలు చూసుకుంటున్నారు. పాపారావు కూడా. నోరు జారిందని వాడికి అర్థమైందనుకుంటాను. కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారని చూశాను. అనిరుధ్ గారు గొంతు సవరించుకుని, "పుస్తకం ప్రకారం వాళ్ళు పుట్టుకతోనే చెడ్డవాళ్ళు. చంపితే పాపం రాదు" అన్నారు.

అప్పుడు పేతురు చాప అంచు నుంచి ముందుకు జరిగాడు.

"నేను వాళ్ళతో మాట్లాడతానండీ."

"వాళ్ళకు మన భాష రాదు."

"నాకు వాళ్ళది వచ్చుగా. సగం మ్లేచ్ఛుణ్ణి కదండీ. భాష పుట్టుకతో వస్తుందని మొదటిరోజు మీరే రాశారు, చూడండి." కాగితం చూపించాడు. నిజమే, ఉంది. "ఆ ముందున్న పిల్లాడి పేరు అడుగుతున్నాను."

"పేరా?"

"అవునండీ. ఏం పేరు?"

"వాళ్ళకు పేర్లుండవు."

"పేరు లేకుండా ఎలాగండీ, వాళ్ళమ్మ వాణ్ణి ఏమని పిలుస్తుంది?"

అనిరుధ్ గారి మొహం ఎర్రబడింది. "పేతురూ, ఇది ఆట. ఆట ముందుకు పోనీ."

"నేను గుమ్మానికి అడ్డంగా నిలబడుతున్నాను" అన్నాను. నా గొంతేనా అనిపించింది. "చంద్రలేఖ ఎవర్నీ లోపలికి రానివ్వదు."

"నువ్వు మా పక్షం" అన్నాడు పాపారావు.

"నిలబడుతున్నాను."

బలాబలాలు తేల్చాలి కాబట్టి పాచిక వేయమన్నారు. నాకు పదిహేను పడింది. పాపారావుకి పద్నాలుగు. ఒక్క క్షణం గెలిచాననుకున్నాను. "మైనస్ రెండు" అన్నాడు అనిరుధ్. "పదమూడు. నిన్ను పక్కకు నెట్టేశాడు."

తర్వాత ఆ గదిలో ఏమైందో అనిరుధ్ వర్ణించి చెప్పాడు. కథ చెప్పడం బాగా వచ్చు అతనికి.

కాగితం చాప మీద పెట్టి కిందికి వచ్చేశాను. నాన్న రావడానికి ఇంకా టైముంది. గేటు దగ్గర నిలబడ్డాను. ఆంటీ బయటికి వచ్చింది.

"ఎండలో ఎందుకమ్మా, లోపలికొచ్చి కూర్చో."

"ఫర్లేదండీ."

మెల్లిగా అంది. "మీ వాళ్ళందరూ అలాంటివాళ్ళు కాదని నేను అందరితో అంటూనే ఉంటానమ్మా."

ఆవిడ మంచి మనసుతోనే అంది. "థాంక్సండీ" అన్నాను. ఎందుకన్నాను? ఇంటికొచ్చి మొహం కడుక్కుంటూ కూడా అదే. ఎందుకన్నాను?

27 ఆగస్టు

ఆటే కదా అని రాయబోయాను.

30 ఆగస్టు, గురువారం

భవాని మా ఇంటికి వచ్చింది. రెండేళ్ళ స్నేహంలో తంగెళ్ళమూడి రావడం ఇదే మొదటిసారి. దారి అడుక్కుంటూ వచ్చిందట. నాన్న మగ్గం ఆపి బల్ల తుడిచి, "కూర్చోమ్మా" అన్నారు. సగం నేసిన తివాచీ వంక అది చాలాసేపు చూసింది. చెల్లి నజ్నీన్ టీ ఇస్తే తాగింది.

"అన్నయ్య కాలేజీకి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం చదివానే. అర్థం కాని చోట డిక్షనరీ పెట్టుకుని చదివాను. ఆడవాళ్ళకు మైనస్ రెండు అందులో ఎక్కడా లేదు. అన్నయ్య పెట్టిందే."

"మరి మ్లేచ్ఛులకు తెలివి తక్కువన్నది?"

"అది ఉంది." టీ గ్లాసు కింద పెట్టింది. "ఎడారీ, విగ్రహం లేని గుడీ లేవు. పుట్టుకతో అని కూడా లేదు. ఎక్కువమంది చెడ్డవాళ్ళు అని ఉంది."

ఎక్కువమంది. అదేమన్నా తక్కువా అనిపించింది. కానీ పైకి వేరే మాట వచ్చింది. "ఏ మైనస్‌లూ లేకుండా మనమే ఆడితే?"

"పాచికలు అన్నయ్యవి. ఇవ్వడు."

"తంబోలా అంకెలు లేవూ? ఒకటి నుంచి ఇరవై దాకా సంచీలో వేసి తీస్తే సరి."

భవాని నా వంక చూసింది. దాని మొహంలో భయం కనపడింది. నాకూ భయమే. అది ఆ ఇంట్లో ఉండాలి, నేను ఉండక్కర్లేదు.

"పేతురు వస్తాడంటావా?" అంది.

8 సెప్టెంబర్, శనివారం

పవర్‌పేటలో పాసింజరు ఎక్కి ముగ్గురం గూడెం వెళ్ళాం. అనిరుధ్, పాపారావు ముందు బండికే వెళ్ళిపోయారు. మాకు బదులు వాళ్ళ కాలేజీ వాళ్ళను ఇద్దర్ని తీసుకెళ్ళారు.

మాకు టేబుల్ లేదు. రిజిస్ట్రేషన్ అయిపోయిందన్నారు. అయితే వరండాలో కూర్చుంటామండీ అంటే, దారికి అడ్డం లేకుండా కూర్చోమన్నారు. దుప్పటి పరిచి కూర్చున్నాం. తలుపు తీసి ఉన్న హాల్లో అనిరుధ్ టేబుల్ కనిపిస్తూనే ఉంది. అతనికీ మేము కనిపిస్తూనే ఉన్నాం.

మొదట ఎవరూ రాలేదు. కథ చెప్పాల్సింది నేను. ఈ మధ్యంతా నేను అల్లిన లోకం, ఒక పెద్ద మంచినీటి సరస్సు, నీళ్ళ మధ్య దీవుల్లాంటి లంకలు, ఒక్కో లంకలో ఒక్కో రకం మనుషులు. ఎవరు ఎక్కడ పుట్టినా అంకెలు ఒకటే. తర్వాత ఏం నేర్చుకుంటారో వాళ్ళిష్టం. పేతురు వాళ్ళది కొల్లేరు పక్క ఊరు కాబట్టి పడవల సంగతులు వాడు చెప్పాడు.

ఉంగుటూరు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఆగింది. కనకరత్నం అట పేరు. "ఇందులో అమ్మాయి దొంగతనం చేయొచ్చాండీ?" అని అడిగింది.

"చేయొచ్చు."

"పట్టుబడితే?"

"పరుగెత్తాలి."

కూర్చుంది. దాని స్నేహితురాళ్ళు ఇద్దరు కూర్చున్నారు. మధ్యాహ్నానికి చుట్టూ జనం. సంచీలోంచి అంకె తీసిన ప్రతిసారీ అరుపులు. పేతురు ఈసారి ఒక లంకకు పెద్ద. వాడి ఎదుట నిలబడి న్యాయం అడగాలి ఎవరైనా. వాడు తీర్పులు చెబుతుంటే గుర్తుపట్టలేకపోయాను. గొంతు అదే. వెన్ను వేరు.

అప్పుడు అనిరుధ్ వచ్చాడు. జనం మధ్య నుంచే అన్నాడు.

"ఇది నా ఆట. మీకు నేర్పింది నేను."

"అవునండీ, మీరు నేర్పిందే. మైనస్‌లు తీసేశాం, అంతే" అన్నాను.

"మైనస్‌లు లేకపోతే ఆటెక్కడుంది? అందరూ ఒకేలా ఉంటే ఆడ్డం దేనికి?"

కనకరత్నం తలెత్తింది. "ఒకేలా ఎక్కడున్నామండీ? నేను దొంగని, ఈమె వైద్యురాలు. ఆయనేమో మా ఇద్దర్నీ విచారిస్తున్నాడు."

ఎవరో నవ్వారు. అనిరుధ్ ఆ అమ్మాయిని చూడలేదు. నన్నే చూస్తున్నాడు. "మ్లేచ్ఛులంటే నీ గురించి కాదు తబస్సుమ్. ప్రతిదీ నిన్నే అన్నట్టు ఊహించుకుంటావు."

"విగ్రహం లేని గుడి పుస్తకంలో ఉందాండీ?"

అతను హాల్లోని తన టేబుల్ వంక చూశాడు.

"లేనిది మీరే పెట్టారు. పెట్టేటప్పుడు మీ కళ్ళ ముందు ఎవరున్నారు?"

ఇంత జనంలో ఇలా అడుగుతానని నేననుకోలేదు. అతను భవాని వైపు తిరిగాడు. "నాన్నతో చెబుతాను" అన్నాడు. అంత పెద్ద మాటల తర్వాత ఇంత చిన్న మాట. కానీ భవాని చేతిలోని సంచీ నా ఒళ్ళో పెట్టేసింది.

తిరుగు రైల్లో ఆట గురించి తప్ప అన్నీ మాట్లాడుకున్నాం. భవాని కిటికీ వైపు తిరిగే ఉంది.

9 సెప్టెంబర్

బహుమతి ఎవరికో క్విజ్ వాళ్ళకు వచ్చిందట. మాకూ లేదు, వాళ్ళకూ లేదు. నజ్నీన్‌కు ఆట నేర్పాను. మా మగ్గాల పాక చాలు, నలుగురు కూర్చోవచ్చు.

16 సెప్టెంబర్, ఆదివారం

రంజాన్ రోజాలు మొదలయ్యాయి. పేతురు వచ్చాడు. భవాని రాలేదు. కాలేజీలో అడిగితే, "ఇంట్లో పని" అంది. పని అన్నప్పుడు నా చున్నీ వంక చూసింది.

నజ్నీన్‌తో కలిపి ముగ్గురం ఆడాం. బాగా ఆడాం.

23 సెప్టెంబర్

రాలేదు.

30 సెప్టెంబర్, ఆదివారం

మధ్యాహ్నం నేను, పేతురు, నజ్నీన్ ఆడుతుంటే పాక ముందు మోటారుసైకిల్ ఆగింది. అనిరుధ్. వెనక కామేశ్వరి ఆంటీ. వాళ్ళ వెనక సైకిల్ మీద భవాని.

గొడవకు వచ్చారనుకున్నాను. నాన్న లేచి నిలబడ్డారు. అనిరుధ్ బండి దిగలేదు, రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆంటీ చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది.

"ఏవండీ, బాగున్నారా? మా అమ్మాయి రెండు వారాలుగా అన్నం సరిగ్గా తినడం లేదు. మావాడేమో మీ అమ్మాయి పేరెత్తితే మండిపడుతున్నాడు. ఇంతకీ ఆ ఆటేమిటో చూద్దామని వచ్చాను."

అమ్మ టీ పెట్టబోయింది. "మీరు ఉపవాసాలుండి నాకు టీ ఏమిటమ్మా, వద్దు" అంది ఆంటీ. మర్యాదకే అందో, ఇంకెందుకైనా అందో. నేను ఈ మధ్య అన్నీ ఇలాగే చూస్తున్నాను. చూడకుండా ఉండలేను.

"మీరు కూడా ఆడండి ఆంటీ" అన్నాను.

"నాకేం వేషం ఇస్తావు?"

"మీకేం కావాలి?"

ఆమె తివాచీ మీద పువ్వును చూపుడువేలితో ఒకసారి చుట్టింది. "మా పుట్టిల్లు ఆకివీడు దగ్గరమ్మా. మా అన్నదమ్ములు కొల్లేట్లో దోనె నడిపేవారు. నన్ను ఎక్కనిచ్చేవారు కాదు, ఆడపిల్లవి, పడతావని. దోనె నడిపే మనిషి ఉంటుందా ఇందులో?"

"ఉంటుందండీ."

"బలం తగ్గిస్తావా?"

"తగ్గించను."

భవాని నా పక్కన కూర్చుంది. మా మోకాళ్ళు తగిలాయి. అది పక్కకు జరగలేదు.

కథ చెప్పాను. గాలివాన, సరస్సు మధ్యలో దోనె, లంక మీద రోగి, ఆంటీ వైద్యురాల్ని అక్కడికి చేర్చాలి. ఆంటీ కళ్ళు మూసుకుని సంచీలో చెయ్యి పెట్టింది. మూడు.

"దోనె తిరగబడిందండీ."

"అయ్యో! ఇంకోసారి తీస్తానమ్మా."

"కుదరదండీ. ఎవరికైనా ఒక్కసారే."

గదమాయిస్తుందేమో అనుకున్నాను. ఆమె అంకెను మళ్ళీ చూసుకుని, "అయితే మునిగానా?" అంది నిజంగా భయంగా.

"నేను ఒడ్డున ఉన్నానండీ" అన్నాడు పేతురు. "నీళ్ళలోకి దిగి చెయ్యి అందిస్తున్నాను." చెబుతూ చెబుతూ, తెలియకుండానే, తివాచీ మీదుగా నిజంగానే చెయ్యి చాపాడు.

బయట అనిరుధ్ ఎప్పుడు బండి దిగాడో, గుమ్మం దగ్గరకు వచ్చి చూస్తున్నాడు. ఆంటీ పేతురు చెయ్యి వంక చూసింది. వాడికి అప్పుడు తెలిసినట్టుంది తను ఏం చేశాడో. కానీ వెనక్కి తీసుకోలేదు.

ఆడించేది నేను. అడగాల్సింది నేనే. "పట్టుకుంటారా ఆంటీ?"

చాలాసేపు పట్టింది.

"పట్టుకుంటాను. గట్టిగా లాగు నాయనా, చీర తడిసి బరువెక్కింది" అంది.

ఆమె చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. పేతురు ఒక్క క్షణం ఆగి, తన ఖాళీ చేతినే పిడికిలి బిగించి, బలమంతా పెట్టి వెనక్కి లాగాడు.

ఆంటీ ఒడ్డెక్కిందని చెప్పాను. తర్వాత వంతు నజ్నీన్‌ది. సంచీ దానికి అందించాను.